పార్ట్‌టైమ్ అంటే ఇంట్లో కూర్చుని చదవడమేనా?

ప్రశ్న: మాది కొరాపుట్ జిల్లా సునాబెడ. పర్లాకిమిడిలో మెకానికల్ బీటెక్ చేశాను. ఆరేళ్లుగా ఇంజిన్ ఓవర్‌హాల్ షాపులో ఇన్‌స్పెక్షన్ పని చేస్తున్నాను. మావారు సెమిలిగూడలో టీచరు, బాబుకి నాలుగేళ్లు. విమాన రంగంలో మనుషుల పొరపాట్ల వెనక కారణాలు వెతికే ఏవియేషన్ హ్యూమన్ ఫ్యాక్టర్స్‌లో పార్ట్‌టైమ్ మాస్టర్స్ చేయాలని ఉంది. ఉద్యోగం మానలేను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ‘డీజీసీఏ అప్రూవ్డ్ పీజీ, ఆరు నెలల్లో పూర్తి’ అంటూ లక్షా ఎనభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండమ్మా. డీజీసీఏ అంటే మన పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ. అది లైసెన్సు పరీక్షలు పెడుతుంది, మెయింటెనెన్స్ ట్రైనింగ్ సంస్థలకు అనుమతి ఇస్తుంది. యూనివర్సిటీ పీజీకి ముద్ర వేయడం దాని పని కాదు. ‘సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటుంది?’ అని అడిగి చూడండి. సూటిగా పేరు చెప్పకుండా సీట్లు అయిపోతున్నాయని తొందరపెడితే ఫోన్ పెట్టేయండి.

మీకు ఈ చదువు మీద మనసెందుకు పోయిందో రాయలేదు కానీ, ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర ఆరేళ్లు ఉన్నవారికి ఊరికే పోదు. 1990 జూన్‌లో బ్రిటన్‌లో ఒక విమానం 17 వేల అడుగుల ఎత్తున ఉండగా పైలట్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, కో-పైలట్ విమానాన్ని దించాడు, కెప్టెన్ బతికాడు. ముందు రోజు తెల్లవారుజామున ఆ అద్దాన్ని కొత్తగా బిగించారు. 90 బోల్టుల్లో 84 లావు తక్కువవి. తేడా 0.026 అంగుళం, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. వాటిని బిగించిన మనిషి అనుభవం లేనివాడేం కాదు, ఆ షిఫ్టుకి మేనేజరు. పాత బోల్టును పక్కన పెట్టుకుని, వెలుతురు సరిగా లేని స్టోరు దగ్గర కంటితో పోల్చి తీసుకున్నాడు. ఆ మనిషిని తిట్టి ఊరుకోకుండా వెలుతురు ఎలా ఉంది, స్టోరులో ఏం జరిగింది, నైట్ షిఫ్టులో ఎంత పని నెత్తిన పడింది, రెండో మనిషి ఎందుకు చూడలేదు అని వెతికే శాస్త్రమే హ్యూమన్ ఫ్యాక్టర్స్. సగం సైకాలజీ, సగం ఇంజినీరింగ్.

ఇక కోర్సుల సంగతి. పార్ట్‌టైమ్, ఆన్‌లైన్, డిస్టెన్స్ అనే మూడు మాటల్ని మనవాళ్లు ఒకటే అనుకుంటారు. నా దగ్గరికొచ్చే పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీలో ఏవియేషన్ సేఫ్టీ, హ్యూమన్ ఫ్యాక్టర్స్ కలిపి ఎమ్మెస్సీ ఉంది. ఈ రంగంలో దానికి మంచి పేరు. పార్ట్‌టైమ్‌గా కూడా చేయొచ్చు. కానీ అక్కడ పార్ట్‌టైమ్ అంటే ఒక్కో సబ్జెక్టుకి వారం పాటు క్యాంపస్‌కి వెళ్లి కూర్చోవాలి, మిగతా రోజుల్లో ఉద్యోగం చేసుకోవాలి. లండన్ దగ్గరున్నవారికి అది సుఖం. మీరు ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరి, అక్కడి నుంచి విమానాలు మారి, వారం ఉండి, మళ్లీ రావాలి. వీసా, టికెట్లు, బస, సెలవులు అన్నీ లెక్కేస్తే ఫీజే చిన్నదిగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

మీ పరిస్థితికి దగ్గరగా ఉండేది అమెరికాలోని ఎంబ్రీ-రిడిల్ ఏరోనాటికల్ యూనివర్సిటీ. దాని వరల్డ్‌వైడ్ విభాగంలో హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఎమ్మెస్ ఆన్‌లైన్‌లోనే చదవొచ్చు. తొమ్మిది వారాల టర్ములు, క్రెడిట్ లెక్కన, అంటే తీసుకున్న సబ్జెక్టు మేరకే ఫీజు. కాబట్టి ముందు ఒక్క సబ్జెక్టు తీసుకుని తట్టుకోగలరో లేదో చూసుకోవచ్చు. ఫీజు డాలర్లలో ఉంటుందని మర్చిపోకండి. లైవ్ క్లాసులు ఉన్నాయా, ఉంటే ఎన్నింటికి అని మెయిల్‌లో అడగండి. ఫ్లోరిడాలో సాయంత్రం ఏడంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. సునాబెడ చలిలో దుప్పటి తీయడమే మొదటి పరీక్ష!

డబ్బు దగ్గర వెనకాడేవారికి, నాకు నిజంగా నచ్చిన దారి ఇంకోటుండేది. 2025లో అది మూసుకుపోయింది. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో ఎంఏ సైకాలజీకి ఏ డిగ్రీ ఉన్నా చేరగలిగేవారు. కానీ డిస్టెన్స్, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ కోర్సుల్ని 2025 జూలై సెషన్ నుంచి యూజీసీ ఆపేయించింది. సైకాలజీ పీజీని కాలేజీకి వెళ్లి చదివే వీలు ఎప్పుడైనా దొరికితే వదలకండి. ఆ డిగ్రీ మీద ‘ఏవియేషన్’ అనే మాట ఉండదు, నిజమే. అయితే ఇంజిన్ షాపు అనుభవం, సైకాలజీ పీజీ రెండూ ఉన్న మనిషి మన దేశంలో అంత తేలిగ్గా దొరకదు. ఆ పైన విదేశీ మాస్టర్స్‌కి వెళ్లినా ఈ చదువు వృథా కాదు.

ఏది ఎంచుకున్నా ముందు ఒక నెల ఖర్చు లేకుండా చదివి చూడండి. మెయింటెనెన్స్‌లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ మీద బ్రిటన్ పౌర విమానయాన సంస్థ సీఏఏ వారి పుస్తకాలు క్యాప్ 715, క్యాప్ 716 నెట్‌లో ఉచితం. విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు (ఏఎంఈ) లైసెన్సు సిలబస్‌లోని మాడ్యూల్ 9 కూడా ఇదే సబ్జెక్టు, సన్నగా ఉంటుంది. రెండు వారాల్లో విసుగొస్తే లక్షలు మిగిలినట్టే.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఈ కోర్సుల్లో ‘మీరు పనిచేసే చోట జరిగిన సంఘటన ఒకటి విశ్లేషించండి’ అని అసైన్‌మెంట్ ఇవ్వొచ్చు. మీ షాపులో మిలిటరీ ఇంజిన్లు ఉంటే ఒక్క ఫొటో, పని వివరాలు రాసే ఒక్క జాబ్ కార్డు కూడా బయటికి పోకూడదు. దానికి బదులు బయటికి విడుదలైన దర్యాప్తు రిపోర్టు తీసుకుంటానని ప్రొఫెసర్‌కి మొదటి వారంలోనే రాయండి. 2010 మంగళూరు ప్రమాదం నివేదిక ఉంది, పైన చెప్పిన బోల్టుల కేసు కూడా ఉంది. ఎవరూ కాదనరు.

దరఖాస్తుకు ముందే ఆఫీసులో ఎన్‌ఓసీ తీసుకోండి. విదేశీ ఆన్‌లైన్ డిగ్రీని ప్రమోషన్‌కి లెక్కిస్తారో లేదో అదే కాగితం మీద హెచ్‌ఆర్‌ని అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. నోటి మాట మీద ఫీజు కట్టొద్దు. అది వచ్చాక మళ్లీ రాయండి, క్రాన్‌ఫీల్డా ఎంబ్రీ-రిడిలా అన్నది అప్పుడు తేలుద్దాం.