ఐ7 కొనేముందు ఒక్క వారం ఆగరా

ఒరేయ్ నానీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. మొదటిసారి వింటున్నప్పుడు స్టవ్ మీద చేపల పులుసు ఉడుకుతోంది, సగం వినపడలా, అందుకని రాత్రి కూర్చుని మళ్ళీ విన్నా. బావ 80 వేలు ఇస్తానన్నాడు, అందులో ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ ఒకటి, మిగిలిన దాంట్లో 200 మెగాపిక్సెల్ ఫోను, ఇంకా మిగిలితే వాచీ, ఇదీ నీ లిస్టు. బాగానే ఉంది. కానీ నాలుగు నిమిషాల మెసేజ్‌లో ఇప్పుడున్న లాప్‌టాప్‌కి ఏమొచ్చిందో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు, "స్లో అయిపోయింది పిన్నీ" అని.

స్లో అంటే ఏంట్రా? ఆన్ అవడానికి లేటా, క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే బిగుసుకుపోతోందా, ప్రోగ్రాం కంపైల్ అవడానికి లేటా, లేకపోతే ఫ్యాన్ గోల పెట్టేసి వేడెక్కి నీరసపడుతోందా? నాలుగూ వేరే వేరే జబ్బులు. ప్రాసెసర్ మారిస్తే తగ్గేది వాటిలో ఒకటో రెండో. మిగిలినవాటికి ఐ9 తెచ్చుకున్నా కూడా అంతే ఉంటుంది.

అందుకని ముందు ఈ పని చెయ్యి. రేపు క్లాసు పని చేసుకుంటున్నప్పుడు, బాగా విసుగొచ్చేంత స్లో అయిన టైంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్ మీదకి వెళ్ళు. సీపీయూ (అంటే ప్రాసెసర్) ఎంత, మెమరీ ఎంత, డిస్కు ఎంత, మూడు పర్సెంటేజీలు కనపడతాయి. ఫోటో తీసి నాకు పంపు. ఒక వారం పాటు రోజుకి రెండుసార్లు తియ్యి, ఒక్కసారి చూసి తేల్చేస్తే కుదరదు, ఆ టైంలో విండోస్ అప్‌డేట్ ఏదన్నా దిగుతూ ఉండొచ్చు. ఆ మెమరీ పేజీలోనే కింద చిన్న అక్షరాల్లో స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది, 1 ఆఫ్ 2 అనో 2 ఆఫ్ 2 అనో, అది కూడా ఫోటోలో పడేలా చూడు.

ఏం వస్తుందో నేను ఇప్పుడే ఊహించగలను. ఆ లాప్‌టాప్ 2018లో కొన్నప్పుడు బావ పక్కన ఉన్నది నేనే కదా. ఐ5 8250యు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. ఆ రోజే బావతో చెప్పా, హార్డ్ డిస్కు వద్దు, 256 జీబీ అయినా పర్లేదు ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగేదేం లేని డిస్కు, ఉన్నది తీసుకో అని. "1 టీబీ ఎక్కువ కదమ్మా" అన్నాడు. సరే, ఆయన డబ్బు ఆయనిష్టం. నీ ఫోటోలో సీపీయూ 15, 20 దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది, డిస్కు మాత్రం 100 అని చూపిస్తుంది, పందెం కావాలంటే కాసుకుందాం. లోపల పళ్ళెం తిరుగుతూ, దాని మీద చిన్న ముల్లు అటూ ఇటూ పరిగెడుతూ ఒక్కో ఫైలు వెతుక్కోవాలి ఆ డిస్కు, పైగా విండోస్‌కి ఒకేసారి వెయ్యి చిన్న ఫైళ్ళు కావాలి. ప్రాసెసర్ చేతులు కట్టుకుని దాని కోసం ఎదురు చూస్తూ ఉంటుంది అంతే. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఇరవై మంది ఉండి, వంటశాల నుంచి గిన్నెలు మోసేవాడు ఒక్కడే ఉంటే ఎలా ఉంటుందో అలా. నువ్వు ఇప్పుడు అడుగుతున్నది ఇంకో పదిమంది వడ్డించేవాళ్ళని.

8250యు అంటే 4 కోర్లు (పని చేసే బుర్రలనుకో), 8 థ్రెడ్లు (ఒకేసారి పట్టగల పనులు). పాతదే, 2017లో వచ్చింది, కానీ నీ పైథాన్, నీ జావా, నీ డీబీఎంఎస్ ల్యాబ్‌కి చచ్చినట్టు సరిపోతుంది. పైగా అదృష్టం చూడు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే అని గీత గీసింది, నీది సరిగ్గా ఆ గీత మీద ఉంది. ఒక్క జనరేషన్ పాతదై ఉంటే నేనే కొత్తది కొనుక్కోమనేదాన్ని. కాబట్టి ఒక ఎస్ఎస్‌డీ పడితే సగం రోగం కుదురుతుంది, ర్యామ్ స్లాటు ఖాళీ ఉంటే ఇంకో 8 జీబీ. ర్యామ్ రేట్లు 2025 చివర్నుంచి మండిపోతున్నాయి, ఏఐ డేటా సెంటర్లవాళ్ళు ఎగబడి కొనేస్తున్నారు, కాబట్టి ముందు ఎస్ఎస్‌డీ వేసి చూద్దాం, మెమరీ 90 దాటుతూ ఉంటేనే ర్యామ్ సంగతి.

సరే, నా పందెం ఓడిపోయింది అనుకో, సీపీయూనే 100 కొడుతోంది, నువ్వు లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్లు నడపాలి, ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ నడపాలి, కొత్తది కొనాల్సిందే. అప్పుడు కూడా ఐ7, ఐ7 అని కలవరించకు. నేను ఈ మాట చెప్పి చెప్పి విసిగిపోయా, బ్యాంకులో ఉన్నప్పుడు మా స్టాఫ్ అందరికీ చెప్పేదాన్ని, ఆ ముందున్న 3, 5, 7 చూసి కొనకండి, చివరన అక్షరం చూడండి అని. ఐ7 1255యు ఉంది కదా, దానిలో 2 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు. ఐ5 1235యు లో కూడా 2 పెద్దవి, 8 చిన్నవే. స్పీడు కాస్త పెంచి, లోపలి గ్రాఫిక్స్ కాస్త పెంచి, 7 అని పేరు పెట్టి ఎక్కువకి అమ్ముతారు. అదే ఐ5 12500హెచ్ తీసుకో, 4 పెద్ద కోర్లు, 8 చిన్నవి, కరెంటు కూడా ఎక్కువ తీసుకుంటుంది, 45 వాట్ల రకం, యు వేమో 15 వాట్ల రకం. కాబట్టి బరువు పనిలో ఆ ఐ5 ఈ ఐ7ని లేవనివ్వదు. ఒకే కంపెనీ, ఒకే 12వ జనరేషన్, అయినా ఇదీ కథ.

అలాగని హెచ్ చూడగానే ఎగిరి గంతేయకు. నీ హాస్టల్ రూములో ఏసీ లేదు, మే నెల మద్రాసు ఎండ ఎలా ఉంటుందో పోయినేడాది చూశావుగా, ఫ్యాన్ గాలే వేడిగా వస్తుంది. హెచ్ చిప్పు ఉన్న సన్నటి లాప్‌టాప్ ఆ రూములో పెట్టి నడిపితే పది నిమిషాలు పరిగెత్తి, వేడెక్కి, స్పీడు తగ్గించుకుని యు లాగే నడుస్తుంది, బ్యాటరీ మాత్రం హెచ్ లాగే తాగేస్తుంది. క్లాసుకి మోసుకెళ్ళేవాడివి, చార్జింగ్ పాయింటు దొరకనివాడివి, నీకు యు రకమే నయం అని నా అభిప్రాయం. గేములు ఆడాలని లోపల్లోపల ఉంటే చెప్పు, అప్పుడు లెక్క మారుతుంది, నేనేం బావకి చెప్పనులే.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ళ రైజెన్ అయితే ఇంకా తమాషా. 2023 నుంచి వచ్చిన 7000 సిరీస్ లాప్‌టాప్ చిప్పుల్లో మొదటి అంకె ఏ సంవత్సరం మోడలో చెబుతుంది, లోపల సరుకు ఏ కాలందో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యు అంటే మూడో అంకె 2, అంటే జెన్ 2, అది 2019 నాటి డిజైను, కోర్లు 4. రైజెన్ 5 7530యు అంటే జెన్ 3, 6 కోర్లు. 7640యు అంటే జెన్ 4. మూడింటికీ పైన స్టిక్కరు మాత్రం ఒకటే, రైజెన్ 5. మా పక్కింటి అమ్మాయి ఇంచుమించు 7520యు కొనేసేది, బిల్లు వేసేముందు ఫోన్ చేసి "ఆంటీ 7000 సిరీస్, లేటెస్ట్ అంట" అంది, పూర్తి నంబరు చదవమన్నా, మూడో అంకె వినగానే వచ్చెయ్యమన్నా. 2024లో రైజెన్ ఏఐ 300 అని పేర్లు మళ్ళీ మార్చారు, కాబట్టి ఈ మూడో అంకె కిటుకు అన్నిటికీ పనికిరాదు, గుర్తుంచుకో. ఇంటెల్ కూడా తక్కువ తినలా. 2023 డిసెంబర్లో ఐ తీసేసి కోర్ అల్ట్రా అని మొదలెట్టారు, ఆ వెంటనే అల్ట్రా అన్న మాట లేకుండా కోర్ 5 120యు లాంటివి వదిలారు, అవి లోపల పాత 13వ జనరేషన్ తరహావే. అల్ట్రా ఉందా లేదా అన్నది ఫ్యాషన్ మాట కాదన్నమాట.

ఏఐ పీసీ అని షాపువాడు ఊదరగొడితే, ఎన్ని జీబీ ర్యామ్ ఉందో అడుగు. మైక్రోసాఫ్టే తన కోపైలట్ ప్లస్ అనే ఏఐ పీసీలకి 16 జీబీ కంటే తక్కువ ఉండకూడదని పెట్టింది. 8 జీబీ ర్యామ్ బోర్డుకి అతికించేసి, ఇంకో స్లాటు లేకుండా అమ్మేవాళ్ళు బోలెడు మంది ఉన్నారు, అది మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోకు, రెండేళ్ళకి అందులో ఇరుక్కుపోతావు. స్క్రీన్ సంగతి కూడా అడుగు, 45 పర్సెంట్ ఎన్టీఎస్సీ (రంగులు ఎన్ని చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనపడతాయి, నాలుగేళ్ళు రోజూ చూసే మొహం అది.

ఇక ఫోను. 200 మెగాపిక్సెల్ అనేది నువ్వు మామూలుగా ఫోటో నొక్కినప్పుడు రాదురా, పదహారు పిక్సెళ్ళు కలిపి ఒకటి చేసి 12.5 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. తప్పేం కాదు, రాత్రిపూట వెలుతురు ఎక్కువ పట్టడానికి అలా చేస్తారు, కానీ దాని కోసం డబ్బు ఎక్కువ పెట్టకు. 8 ప్లస్ 8 జీబీ అంటే 16 కాదు, రెండో 8 స్టోరేజీలోంచి అప్పు తెచ్చుకున్నది. ప్రాసెసర్ల పేర్ల గోల ఇక్కడా ఉంది, మీడియాటెక్ వాడు డైమెన్సిటీ 1080కే 7050 అని కొత్త పేరు పెట్టాడు. నేనైతే రెండు విషయాలు చూస్తా. ఎన్నేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తానని కంపెనీ రాతపూర్వకంగా చెప్పింది, సర్వీస్ సెంటర్ మనకి దగ్గర్లో ఉందా. 2023లో పిక్సెల్ 8కి గూగుల్ 7 ఏళ్ళు అంది, 2024లో ఎస్24కి శాంసంగ్ కూడా 7 అంది, చవక ఫోన్లలో చాలావాటికి 2, 3 ఏళ్ళకి చేతులు దులుపుకుంటారు. నీ జీపే, నీ బ్యాంకు యాప్ అన్నీ ఆ ఫోన్లోనే ఉంటాయి కదా. బ్యాంకులో ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని, ఫోను సంగతి తెలీకుండా పోగొట్టుకున్న వాళ్ళ మొహాలు ఎన్ని చూశానో.

సెకండ్ హ్యాండ్ ఫోను తీసుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు. స్టార్ హాష్ 06 హాష్ కొడితే 15 అంకెల ఐఎమ్ఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు, వస్తుంది, మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎమ్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి పంపితే ఆ ఫోను బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. డబ్బు చేతిలో పెట్టేముందే పంపు, ఇంటికొచ్చాక కాదు.

వాచీ గురించి నాకు రాయడానికేం లేదు, పుట్టినరోజుకి నేనే కొనిస్తా, ఊరుకో. పవర్ బ్యాంకు అవసరం. 10000 అని రాసి ఉంటే అది లోపలి సెల్లు లెక్క, 3.7 వోల్టుల దగ్గరది, 5 వోల్టులకి మార్చి ఫోనుకి ఇచ్చేసరికి ఆ అంకెలో మూడో వంతు పైన తగ్గిపోతుంది. దాని మీద బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, పక్కన ఆర్ అని మొదలయ్యే నంబరు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరు చేశారో వస్తుంది.

కొనడానికి రిచీ స్ట్రీట్‌కి, మద్రాసులో ఎలక్ట్రానిక్స్ బజారు అది, నేనూ వస్తా, ఒక్కడివీ వెళ్ళకు. ఆదివారం కుదరదు, షాపులు చాలావరకు మూసేస్తారు. బండి తేకు, పెట్టడానికి జాగా ఉండదు, మౌంట్ రోడ్ మీద గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి నడుద్దాం. అక్కడ మొదటి ప్రశ్న "విత్ బిల్లా, వితౌట్ బిల్లా?" అని వస్తుంది. బిల్లు లేకపోతే 18 పర్సెంట్ జీఎస్టీ మిగులుతుందని ఆశపడతారు అందరూ. నేనూ పన్ను మిగులుతుందని ఆశపడ్డా ఒకసారి, చాలా ఏళ్ళ క్రితం, జీఎస్టీ ఇంకా రాని రోజుల్లో. మొదటిసారి నా చేత్తో నేను అసెంబుల్ చేసుకున్న డెస్క్‌టాప్, అన్నీ మంచివి కొని, ఎస్ఎమ్‌పీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) దగ్గర కక్కుర్తి పడి క్యాబినెట్‌తో పాటు వచ్చినదే ఉంచేశా, 450 వాట్స్ అని స్టిక్కరు కూడా ఉంది. ఒకరోజు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, టప్ మని చిన్న చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన, చూస్తే మదర్‌బోర్డు మీద నల్లటి మచ్చ. పట్టుకెళ్తే షాపతను నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశాడు, చేతిలో బిల్లు లేదాయె. ఆ ఎస్ఎమ్‌పీఎస్ చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండేది, అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. తర్వాత కొన్న డెస్క్‌టాప్ 2015 డిసెంబర్ వరదలో పోయింది, అది వేరే కథ, కింద నేల మీద పెట్టా, అప్పట్నుంచి మా ఇంట్లో క్యాబినెట్ టేబుల్ మీదే ఉంటుంది.

నో కాస్ట్ ఈఎమ్ఐ అని బావ అంటే, వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు రెండూ విడిగా పడతాయని చెప్పు, ఆయనకి ఆ ముక్క చాలు.

శనివారం వస్తున్నావుగా, ఫోటోలు ఈలోపు పంపు. లాప్‌టాప్‌తో పాటు చార్జరు కూడా పట్టుకురా, పోయినసారి మర్చిపోయి రెండు గంటలు కూర్చోబెట్టావు. ప్రాజెక్టు ఫైళ్ళు గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకో ముందే, డిస్కు మార్చేటప్పుడు నాది పూచీ కాదు. పాత డిస్కుని బయటపెట్టి వాడుకునే యూఎస్‌బీ కేసు నా దగ్గరుంది. చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు కూడా ఉండాలి, మీ బాబాయి కళ్ళజోడు బిగించుకుంటానని తీసి ఎక్కడో పెట్టాడు, నువ్వొచ్చేలోపు వెతికి ఉంచుతా.

మీ పిన్ని