పాప పుట్టిన తేదీ ఏజెంటు చేతికి ఎప్పుడు చేరింది?

ప్రశ్న: మాది గుంటూరు. 2024 సంక్రాంతి సెలవుల్లో మా అత్తమామలు, మేమిద్దరం, మా పాప (పుట్టింది 2023 జూలై 21న) సింగపూర్ నుంచి మూడు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్లాలని హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. విమానం, వీసాలు కలిపి 3,42,000 రూపాయలు. సెప్టెంబరు 18న అడ్వాన్సు లక్ష, నవంబరు 22న మిగతాది కట్టాం. జనవరి 12న ఓడ ఎక్కేచోట పాపకి ఆరు నెలలు నిండలేదని ఆపేశారు. కేవలం తొమ్మిది రోజులు తక్కువ! మామగారి షష్టిపూర్తి కానుకగా వేసుకున్న ప్రయాణం అది. అందరి ముందూ రెండు గంటలు నిలబెట్టారు, అత్తగారు ఏడ్చేశారు. మొత్తం ఐదుగురం హోటల్లో ఉండి తిరిగొచ్చాం. డబ్బు వాపసు గురించి ఏజెంటు ఇరవై ఒక్క నెలలుగా తిప్పుతున్నాడు. బుకింగ్ రోజున వయసు అడిగితే సంక్రాంతికి ఆరు నెలలు వస్తాయని చెప్పాం. పాప పాస్‌పోర్టు రాగానే నవంబరు 6న వాట్సాప్‌లో పంపాం. కానీ ఈమధ్య ఫోన్ మార్చాను, ఆ చాట్ పోయింది. ఇప్పుడతను, పాపకి జ్వరం వచ్చి మేమే మానుకున్నామని పాత తేదీతో ఉత్తరం, డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే సగం డబ్బు ఇప్పిస్తానని మెసేజ్ పెట్టాడు. ఇవ్వొచ్చా? చీటింగ్ కేసు పెట్టాలా? 25 లక్షల పరిహారం అడగొచ్చా?

జవాబు: టెర్మినల్ దగ్గర జరిగిన అవమానం గురించి మీరు ఎంత రాసినా కేసుకి పనికొచ్చేది కొంచెమే. ఆరు నెలలు నిండని బిడ్డని ఎక్కించుకోకపోవడం ఓడవాళ్ల తప్పు కాదు. పెద్ద క్రూయిజ్ కంపెనీల్లో చాలావాటి నియమం ఇదే. బయల్దేరే రోజుకి ఆరు నెలలు నిండాలి. మహాసముద్రం దాటే ప్రయాణాలకి, రేవు తగలకుండా వరసగా మూడు రోజులో అంతకన్నా ఎక్కువో సాగే ప్రయాణాలకి పన్నెండు నెలలు అడుగుతారు. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ పసిపిల్లల ఐసీయూ ఉండదు. తొమ్మిది రోజులే కదా అని కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి వదిలేయలేడు. అందుకే ఓడ కంపెనీ మీద కోపం పక్కన పెట్టండి.

మీ కేసుని తేల్చే మాట వేరే ఉంది. "సంక్రాంతికి ఆరు నెలలు వస్తాయని చెప్పాం" అని మీరే రాశారు. అంటే ఏజెంటు అడిగాడు, మీరు తప్పు చెప్పారు. మన ఇళ్లలో ఆరో నెల రాగానే అన్నప్రాసనకి ముహూర్తం చూస్తాం. ఆ లెక్కన డిసెంబరు 21న ఆరో నెల వచ్చింది. కానీ ఓడవాళ్లు చూసేది నిండిన నెలలు, అవి జనవరి 21కి గానీ పూర్తికావు. పుట్టిన తేదీ చెప్పాల్సినచోట పండగ పేరు చెప్పడం మీ అజాగ్రత్తే. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే: "ఫిర్యాదీ తప్పుడు వయసు చెప్పాడు, నష్టం అతను కొని తెచ్చుకున్నదే."

అయినా కేసు పోలేదు. మీ నోటిమాట మీద లక్ష తీసుకున్నాడు సరే. పాస్‌పోర్టు నవంబరు 6న అతనికి చేరితే, ఆ తర్వాత పదహారు రోజులకి మిగతా 2,42,000 ఏ ధైర్యంతో తీసుకున్నాడు? తేదీ కళ్ల ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్క చూసుకోవాల్సిన బాధ్యత ఈ వ్యాపారం చేసేవాడిది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం నిర్లక్ష్యం వల్ల వినియోగదారుడికి నష్టం కలిగితే అది సేవాలోపమే. పైగా నవంబరు 22 నాటికి ఓడ బయల్దేరడానికి ఇంకా 51 రోజులుంది. ఆరోజే చెప్పి ఉంటే తేదీ మార్చుకునేవారు, లేదా రద్దు చేసుకుని ఎంతో కొంత వెనక్కి తెచ్చుకునేవారు. మీ వోచరులో రద్దు ఛార్జీల పట్టిక ఉంటుంది. 51 రోజుల ముందు రద్దు చేస్తే ఎంత కోత పడేదో చూడండి. మిగిలేదెంతో అదే మీ నష్టానికి గట్టి లెక్క.

కాబట్టి రుజువు చేయాల్సింది ఒక్కటే: నవంబరు 22కి ముందే పాప పుట్టిన తేదీ ఏజెంటుకి తెలుసు. దానికున్న ఒక్క కాగితాన్నీ బ్యాకప్ తీసుకోకుండా ఫోన్‌తో పాటు వదిలేశారు. మూడు లక్షల లావాదేవీ జరిగిన చాట్‌ని కనీసం ఈమెయిల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకోకపోవడానికి సాకు లేదు. పాత ఫోన్ అమ్మకుండా ఇంట్లో ఉంటే దాన్ని రీసెట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. మీ భార్య ఫోన్లో, మామగారి ఫోన్లో ఏజెంటుతో జరిగిన సంభాషణలు కూడా వెతకండి.

చాట్ దొరక్కపోయినా దారి ఉంది. పాప విమానం టికెట్టు చూడండి. రెండేళ్లలోపు బిడ్డకి ఒడిలో కూర్చోబెట్టే ఇన్‌ఫెంట్ టికెట్టు తీస్తారు, దానికి పుట్టిన తేదీ ఇచ్చి తీరాలి. ఈ-టికెట్టు మీద జారీ అయిన తేదీ ఉంటుంది. అది నవంబరు 22కి ముందుదైతే, ఆ టికెట్టు తీసింది ఏజెంటే అయితే, పుట్టిన తేదీ తెలియదనే మాట అతని నోట రాదు. క్రూయిజ్ బుకింగ్ కన్ఫర్మేషన్ కూడా అలాంటిదే. విమానంలో బిడ్డ మీ ఒళ్లో లెక్క. ఓడలో మాత్రం తలకొక లెక్క: లైఫ్‌బోటులో చోటు కావాలి, 24 గంటలు దాటే ప్రయాణాలకి ఓడలోని ప్రతి పసిబిడ్డకీ సరిపోయే లైఫ్‌జాకెట్ ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. అందుకే ప్రయాణికుల జాబితాలో ప్రతి ఒక్కరి పుట్టిన తేదీ అడుగుతారు. కన్ఫర్మేషన్లో పాప పేరు పక్కన 21-07-2023 అని ఉండి, అది బ్యాలెన్సు కట్టకముందు జారీ అయిందైతే మీ కేసు సగం గెలిచినట్టే. సింగపూర్ వీసా దరఖాస్తు ప్రయాణానికి దగ్గర్లోనే వేస్తారు కాబట్టి ఈ విషయంలో అంత ఉపయోగపడదు.

టెర్మినల్లో ఎక్కనివ్వలేదని రాతపూర్వకంగా ఏమీ తీసుకోలేదా? ఆ కాగితం గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. తీసుకోకపోతే జనవరి 12, 13, 14 రాత్రుల హోటల్ బిల్లులు ఆ పని చేస్తాయి. ఓడలో ఉన్నవాడు అదే రాత్రి ఒడ్డున గదికి అద్దె కట్టడు. ఓడ కంపెనీకి బుకింగ్ నంబరుతో ఈమెయిల్ పెట్టి, ఆరోజు ఎందుకు ఎక్కనివ్వలేదో రాసి ఇమ్మని అడగండి. జవాబు వస్తే అదీ జతచేయవచ్చు.

"నేను మధ్యవర్తినే, డబ్బంతా కంపెనీకి వెళ్లింది" అని అతను అంటాడు. మీ ఫారం 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తెరవండి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాడు 1961 ఆదాయపు పన్ను చట్టం 206సి(1జి) కింద టీసీఎస్ (కొనేవాడి దగ్గర అమ్మేవాడే తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేయాల్సి ఉండేది. అప్పట్లో ఏడు లక్షల దాకా 5 శాతం. 3,42,000 మీద అది 17,100. ఆ పద్దు అతని సంస్థ పేరుతో కనిపిస్తే, ప్యాకేజీ అమ్మింది తానేనని అతనే పన్నుల శాఖకి చెప్పినట్టు. కనిపించకపోతే అది అతను జవాబు చెప్పుకోవాల్సిన మరో సంగతి.

వాట్సాప్, ఈమెయిల్ ప్రింట్లు ఊరికే జతచేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: మొదటిది మీరు సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్రలాంటి కోడ్) కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అంత బిగువుగా పట్టవు, నిజమే. కానీ సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరంతో రెండు వాయిదాలు పోగొట్టుకోవడం దేనికి?

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వివాద కారణం పుట్టిన రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఓడ ఎక్కనివ్వని రోజు నుంచి లెక్కేస్తే 2026 జనవరి 12. తప్పు జరిగింది డబ్బు తీసుకున్న రోజేనని అవతలివాళ్లు వాదిస్తే 2025 నవంబరు 22. ఆ వాదన నిలుస్తుందా లేదా అన్న పరీక్ష మీ కేసు మీద పెట్టుకోకండి, నవంబరు 22 లోపే వేసేయండి. "కంపెనీతో మాట్లాడుతున్నా, వచ్చే వారం తేలుతుంది" అని అతను పెట్టిన మెసేజ్‌లు కాలపరిమితిని ఒక్క రోజు కూడా పొడిగించవు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేసిన ఫిర్యాదుదీ అదే దారి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది. కానీ "ఏజెంటు మాట నమ్మి కూర్చున్నాం" అనేది తగిన కారణంగా నిలబడుతుందని ఆశపడొద్దు.

పాత తేదీ ఉత్తరం సంగతి. ఇవ్వొద్దు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన క్షణంలో "ఎక్కనివ్వలేదు" అన్న మీ కేసు "మేమే మానుకున్నాం" అయిపోతుంది. స్వయంగా రద్దు చేసుకున్నవాడికి సేవాలోపం కేసు ఎక్కడిది? సగం డబ్బు ఇస్తాడో ఇవ్వడో గానీ, మిగతా సగం అడిగే హక్కుతో పాటు అతని తప్పుకి ఉన్న సాక్ష్యం కూడా మీ చేత్తోనే రాసిచ్చినట్టవుతుంది. పైగా జ్వరం రాని బిడ్డకి రెండేళ్ల నాటి తేదీతో డాక్టరు సర్టిఫికెట్ పుట్టించి ఎవరి దగ్గరైనా డబ్బు రాబడితే అది మోసం: భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318(4), ఏడేళ్ల వరకు శిక్ష. దాన్నే కమిషన్ ముందు పెడితే తప్పుడు సాక్ష్యం సృష్టించిన నేరం అదనం. సంతకం మీది, సర్టిఫికెట్ డాక్టరుది. అడిగినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు, అది గమనించారా?

కానీ అతను పెట్టిన ఆ మెసేజ్‌ని మాత్రం పోనివ్వకండి. మీరు మానుకోలేదని, ఓడే ఎక్కించుకోలేదని అతనికి తెలుసనడానికి అంతకంటే మంచి రుజువు లేదు. ఈసారైనా వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. తిట్టకండి, ఫోన్లో బేరం చేయకండి. "అలాంటి ఉత్తరం ఇవ్వం, జనవరి 12న ఎక్కనివ్వనందుకు డబ్బు వాపసు ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోండి.

పోలీస్ కేసు వద్దు. చీటింగ్ అంటే మొదటి రోజునుంచే మోసగించే ఉద్దేశం ఉన్నట్టు చూపాలి. ఇక్కడ కనిపించేది నిర్లక్ష్యం. స్టేషన్లో "ఇది సివిల్ వ్యవహారం" అని పంపించేస్తారు, ఆ తిరుగుళ్లలో నవంబరు దాటిపోతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదీ నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. బిల్లు అడుగున "హైదరాబాద్ కోర్టుల పరిధి" అని ఉంటుంది, దానికి భయపడకండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే గనుక రుసుము లేదు, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ప్రతివాదిగా ఏజెంటు సంస్థని పెట్టండి. సింగపూర్ కంపెనీని లాగితే నోటీసు చేరడానికే నెలలు పడుతుంది, పైగా దాని తప్పు లేదని ముందే చెప్పాను.

25 లక్షల మాట మర్చిపోండి. క్రూయిజ్ వంతు డబ్బు, దాని మీద వడ్డీ (కమిషన్లు ఎక్కువగా 6 నుంచి 9 శాతం ఇస్తాయి), మూడు రాత్రుల హోటల్ బిల్లు, మానసిక వేదనకి యాభై వేలు, ఖర్చులకి పదివేలు అడగండి. విమానంలో వెళ్లి వచ్చారు, ఆ డబ్బు అడిగితే మిగతాది కూడా పలచబడుతుంది. మీ అత్తమామల టికెట్ల దగ్గర చిక్కుంది. పాపని ఆపారు గానీ వాళ్లని ఆపలేదు కదా అంటారు. ఏజెంటు అమ్మింది కుటుంబమంతా కలిసి వెళ్లే ఒక్క ప్యాకేజీ అని, తల్లీబిడ్డని పరాయి దేశంలో ఒడ్డున వదిలి పెద్దవాళ్లు ఎలా ఎక్కుతారని రాయండి. పూర్తిగా రాకపోయినా కొంతైనా వస్తుంది.

ఫిర్యాదులో "సంక్రాంతికి ఆరు నెలలు వస్తాయని పొరపాటున చెప్పాం, తర్వాత నవంబరు 6న పాస్‌పోర్టు పంపాం" అని మీరే రాయండి. అవతలివాళ్లు బయటపెడితే అది అబద్ధంలా కనిపిస్తుంది, మీరు ముందే చెబితే కేవలం పొరపాటు.

ముందు లాయరు ద్వారా పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపించండి. చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ ఆ దశలోనే తెగిపోయే వ్యవహారాలు చాలా ఉంటాయి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, అందువల్ల డెలివరీ రుజువుతో స్పీడ్ పోస్టులో పంపి, ట్రాకింగ్ పేజీ ప్రింటు ఆ వారంలోనే తీసుకోండి. గడువు ముగిసే దాకా చేతులు కట్టుకు కూర్చోకుండా అఫిడవిట్, పత్రాల జాబితా సిద్ధం చేసుకోండి. నోటీసు మీద సంతకం పెట్టేముందు మెయిల్ పెట్టెలో పాప ఇన్‌ఫెంట్ టికెట్టు వెతికి, జారీ తేదీ మీ లాయరుకి చూపించండి. నోటీసులో మొదటి పేరా ఆ తేదీతోనే మొదలవ్వాలి.