బంగారు ప్లాంటులో తొలి మూడు రోజులు: మేనల్లుడికి ఒక లేఖ

చీపురుపల్లి,
విజయనగరం జిల్లా.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కొత్తవాళ్లకు భద్రత ఎలా నేర్పాలని మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పలేక, తీరిగ్గా రాస్తానన్నాను. బంగారు శుద్ధి కర్మాగారంలో కొత్తగా చేరబోయే నలభై మందికి భద్రతా శిక్షణ ఇచ్చే బాధ్యత నీ మీద పెట్టారని, వారిలో సగానికి పైగా మన రణస్థలం, రాజాం, పలాస ప్రాంతాల వారేనని, కంపెనీ ఇచ్చిన అరవై పేజీల పుస్తకాన్ని ఒక్క పూటలో చదివి వినిపించి సంతకాలు తీసుకోమంటున్నారని చెప్పావు. ఆ పుస్తకంలో తప్పేమీ ఉండకపోవచ్చు. అది మనిషి చెవి దాకా వెళ్తుంది గాని చేతి దాకా వెళ్లదన్నదే నా అభ్యంతరం. నేను కూడా ఒకప్పుడు అలాగే చదివి వినిపించిన వాడినే గనుక, నా తప్పుతోనే మొదలుపెడతాను.

గరివిడి వైపు మాంగనీసు గనుల్లో పని నేర్చుకుని, తరువాత చాలా ఏళ్లు రాష్ట్రం బయట ఒక బంగారు మిల్లులో షిఫ్టు ఫోర్‌మన్‌గా చేశానని నీకు తెలుసు. అక్కడ ఒకసారి పన్నెండు మందికి నేనే శిక్షణ ఇచ్చాను. పుస్తకం మొత్తం చదివాను, అందరూ తలలూపారు, సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. మూడో రోజు మధ్యాహ్నం, మన పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడు లీచింగ్ ట్యాంకుల (రాతిపిండిలోని బంగారాన్ని సయనైడు నీటితో కరిగించే తొట్ల) పక్కనున్న కుళాయి తిప్పి ముఖం కడుక్కుని, నోరు పుక్కిలించి ఉమ్మాడు. అది తాగునీటి కుళాయి కాదు, ప్లాంటులో తిరిగి వాడుకునే నీటి గొట్టానికి బిగించినది. ఆ నీటిలో కొద్దిగా సయనైడు కలిసి ఉంటుంది. కుళాయి మీద హెచ్చరిక బోర్డు ఉంది గాని, అది ఇంగ్లీషులోనూ ఆ రాష్ట్ర భాషలోనూ ఉంది. పావుగంటలో వాడికి తల తిరిగి, ఊపిరి బరువెక్కి, మెట్ల మీదే కూలబడ్డాడు. ఆక్సిజన్ పెట్టి ప్లాంటు ఆసుపత్రికి తరలించారు. వాడి అదృష్టం, నా అదృష్టం కలిసి వచ్చి సాయంత్రానికి తేరుకున్నాడు. విచారణలో వాడి సంతకం ఉన్న కాగితం చూపించి నన్ను తప్పించారు. నేను మాత్రం వాడిని పక్కకు పిలిచి, కుళాయిల సంగతి చెప్పాను కదా అని అడిగితే, "చెప్పారండి, ఏ కుళాయో చూపించలేదండి" అన్నాడు. నా ఉద్యోగమంతటిలో నేను విన్న అసలైన శిక్షణ ఆ ఒక్క మాటే.

అందువల్ల నువ్వు మొదట సంపాదించవలసింది సమయం. మన వాళ్లు ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, జనరల్ పెట్టెలో నిలబడి, మరునాడు గుంతకల్లులో దిగి, మేస్త్రి ఎక్కించిన ఆటోలో నేరుగా గేటు దగ్గరకు వస్తారు. ఆ రోజు శిక్షణ పెట్టకు. కళ్లు తెరిచి నిద్రపోయే మనిషికి చెప్పిన మాట గోడకు చెప్పినట్టే. అన్నం పెట్టించి, పడుకోనిచ్చి, మరునాడు పొద్దున పది పన్నెండు మంది చొప్పున విడదీసి మూడు రోజులు నడపడానికి అనుమతి తెచ్చుకో. మేస్త్రి తొందరపెడతాడు, ఉత్పత్తి విభాగం వాళ్లు విసుక్కుంటారు. గనుల్లో శిక్షణ పొందని మనిషిని పనిలో పెట్టకూడదని 1966 నాటి వృత్తి శిక్షణ నియమాలు ఎప్పుడో చెప్పాయని, అది నీ సొంత పట్టుదల కాదని వారికి మర్యాదగానే గుర్తుచెయ్యి. సీతంపేట ఏజెన్సీ నుంచి సవర కుర్రవాళ్లు వస్తే, వాళ్లలో తెలుగు బాగా వచ్చిన ఒకడిని నీ పక్కన నిలబెట్టుకుని చెప్పిన ప్రతి మాటా వాళ్ల భాషలో తిరిగి చెప్పించు.

మొదటి గంటలో పుస్తకం తెరవకు. వాళ్లకు ముందే తెలిసిన ప్రమాదాలను వాళ్ల నోటితోనే చెప్పించు. పలాస జీడిపిక్కల బట్టీల్లో పనిచేసిన ఇల్లు ప్రతి గుంపులోనూ ఒకటైనా ఉంటుంది. జీడి నూనె చేతికి అంటితే ఏమవుతుందని అడిగితే, తోలు నల్లబడి ఊడుతుందని, అందుకే ముందుగా చేతులకు నూనో బూడిదో రాసుకుంటారని వాళ్లే చెబుతారు. పాతబావిలో పూడిక తీయడానికి దిగినవాడు పైకి రాకపోతే, వాడిని తీయడానికి దిగిన అన్నదమ్ములు కూడా రాని కథ ప్రతి ఊరిలోనూ వినబడుతుంది. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎగిరి పడే వైపు ఎవరూ నిలబడరు. చర్మానికి అంటే విషం, గుంతలో నిలిచే చెడుగాలి, గాలివాలు, ఈ మూడింటిని గురించే నువ్వు తరువాతి మూడు రోజులూ చెప్పబోతున్నావు. ఒక్క జాగ్రత్త మాత్రం మరువకు: బావిలోకి దీపం దించి గాలి మంచిదో కాదో చూసే అలవాటును ప్లాంటులోకి తీసుకురానివ్వకు. ఇక్కడి విషవాయువు, అంటే సయనైడు ఆవిరి, మంటకు అంటుకునే రకం, పైగా మనిషిని చంపేంత విషం ఉన్న గాలిలోనూ దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. ట్యాంకులోకి దిగేముందు గ్యాస్ మీటరుతో కొలవాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, అనుమతి పత్రం ఉండాలి, పైన ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి.

ఇక సయనైడు. టన్ను రాతిలో నాలుగైదు గ్రాముల బంగారం ఉన్నా మంచి ఖనిజమే అంటారు. అంత తక్కువ బంగారాన్ని పిండిచేసిన రాతి నుంచి కరిగించి లాగగలిగేది సయనైడు నీరు. 1887లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నప్పటి నుంచి నేటి దాకా దానికి దీటైన బదులు పెద్దగా దొరకలేదు. దాన్ని చూసి బెదిరిపోయేలా చెప్పకు. బెదిరినవాడు మూడు రోజులు వణికి, నాలుగో రోజు ఏమీ జరగలేదని మొండికేస్తాడు. దాని నడత ఎలాంటిదో చెప్పు. ఆ నీటిలో సున్నం సరిపడా ఉండి పీహెచ్ (నీటిలో క్షారమెంతో, ఆమ్లమెంతో చెప్పే అంకె) 10.5కు పైన నిలిచినంత కాలం విషం నీటిలోనే అణగి ఉంటుంది. సున్నం తగ్గి పీహెచ్ 9 దగ్గరకు దిగిందా, అందులో సగానికి పైగా హైడ్రోజన్ సయనైడుగా మారి, ఆవిరై పైకి లేస్తుంది. అది 26 డిగ్రీలకే మరిగే పదార్థం గనుక రాయలసీమ ఎండల్లో దానికి ఇంకెవరి సాయమూ అక్కరలేదు.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగు. సున్నం గోతాలు విప్పి తొట్టిలో పోసే పనిని అందరూ చిన్న పనిగా చూస్తారు, కొత్తవాడికే అప్పగిస్తారు. సున్నం తొట్టి పట్టేసి ధార ఆగిపోయినా, సిగ్గుపడో తిడతారనో చెప్పకుండా కర్రతో పొడుస్తూ గంటసేపు గడిపిన కుర్రవాణ్ణి నేను చూశాను. ఆ గంటలో ట్యాంకుల మీద నడిచే వాళ్లందరి ప్రాణాలూ వాడి చేతిలోనే ఉన్నాయన్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు. గోడకు వెల్లవేసే సున్నమే ఇక్కడ విషానికి కావలి అని చెబితే వాళ్లకు ఇట్టే పడుతుంది, ధార ఆగిన నిమిషంలోనే కేక వెయ్యాలన్న సంగతి కూడా దానితోపాటే పడుతుంది. సున్నం కంట్లో పడితే కన్నే పోతుంది గనుక కళ్లద్దాలు పెట్టించి, కళ్లు కడిగే కుళాయి దగ్గరకు కళ్లు మూసుకుని తడుముకుంటూ నడిచి వెళ్లడం ఒక్కొక్కరి చేతా చేయించు.

సున్నం కాపాడేదాన్ని ఆమ్లం చెడగొడుతుంది. కరిగిన బంగారాన్ని పట్టుకునే బొగ్గును (కార్బన్‌ను) కడగడానికి వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సయనైడు ఒకే బకెట్టులో గాని, ఒకే కాలువలో గాని కలవకూడదు. ఆ రెండు బకెట్లకూ రెండు రంగులు వేయించి, ఒకదానిని రెండో చోటుకు తీసుకెళ్లినవాడిని అక్కడికక్కడే ఆపమని అందరికీ చెప్పు. ఆపేవాడు నిన్న చేరినవాడైనా, ఆగవలసినవాడు ఇంజినీరైనా సరే.

చేదు బాదం వాసన వస్తే పరుగెత్తాలని నీ పుస్తకంలో ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. మన ఊళ్లలో చేదు బాదం వాసన చూసినవాడు ఎవడు? పైగా పుట్టుకతోనే ఆ వాసన తెలియని మనుషులు చాలామంది ఉంటారు. ముక్కును నమ్మవద్దని, జేబుకు తగిలించిన మీటరునే నమ్మమని చెప్పు. చాలా ప్లాంట్లలో 4.7 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 4.7 పాళ్లు) దగ్గర మొదటి హెచ్చరిక, 10 దగ్గర ఉన్నచోటు వదిలి బయటపడడం అన్న లెక్క పాటిస్తారు. మీ దగ్గర అంకెలు వేరైతే వాటినే నేర్పు. మీటరు మోత వినగానే, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం చూసి, గాలికి అడ్డంగా జరిగి, ఆ తరువాత గాలి వచ్చే వైపుకు వెళ్లాలి. ఇది మాటలతో వచ్చేది కాదు, రోజుకు రెండుసార్లు నడిపించు.

పక్కవాడు పడిపోతే ఏం చేయాలన్నది అన్నిటికన్నా కష్టమైన పాఠం, ఎందుకంటే మన వాళ్ల మంచితనమే అక్కడ వాళ్లను చంపుతుంది. శ్వాస పరికరం లేకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. ముందు అలారం, తరువాత రక్షణ దళం. బయటికి తెచ్చాక నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదకూడదు, పడినవాడి నోటిలోని విషం ఊదేవాడికి ఎక్కుతుంది. చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచీ మాస్కుతో ఆక్సిజన్ ఇవ్వాలి, తడిసిన బట్టలు విప్పి, నీళ్లతో బాగా కడగాలి. విరుగుడు మందు శిక్షణ ఉన్నవారే ఇవ్వాలి. ఆ మందు పెట్టె ఎక్కడుందో, దాని మీద గడువు తేదీ ఏమిటో నువ్వు మాత్రం ప్రతి నెలా స్వయంగా చూసుకో.

ఖైనీ గురించి విడిగా చెప్పాలి. అరచేతిలో నలిపి పెదవి కింద పెట్టుకునే అలవాటు మన కుర్రవాళ్లలో ఎంత ఉందో నీకు తెలుసు. ఆ అరచేయి అంతకుముందు ఏ గొట్టాన్ని పట్టుకుందో దానికి తెలియదు. బీడీ కూడా అంతే. మానమంటే మానరు గనుక, ఆ డబ్బాలు గేటు దగ్గరే పెట్టి వెళ్లే అలమర ఒకటి ఏర్పాటు చెయ్యి. చోడి అంబలి సీసా కూడా భోజనాల గదిలోనే ఉండాలి, ట్యాంకుల దగ్గరకు రాకూడదు.

యంత్రాల సంగతి వాళ్లకు త్వరగానే అర్థమవుతుంది గనుక తక్కువలో ముగించవచ్చు. మెడలో తువ్వాలు, చేతికి దారం, వదులు చొక్కా, ఈ మూడూ కన్వేయరు (రాయిని మోసుకుపోయే బెల్టు) దగ్గరకు రాకూడదు. బెల్టు పక్కన సాగే తాడును ప్రతి ఒక్కరూ ఒకసారి లాగి, బెల్టు ఆగడం కళ్లారా చూడాలి. మరమ్మతుకు వెళ్లేవాడు స్విచ్చుకు తన తాళం తానే వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. ముగ్గురు దిగితే మూడు తాళాలు ఉండాలి. రాయిని పిండిచేసే బాల్ మిల్లు మోతకు చెవిబిరడాలు, రాతిపిండికి సరైన మాస్కు ఇవ్వాలి. రాతిపిండి వెంటనే ఏమీ చేయదు, ఇరవై ఏళ్లకు ఊపిరితిత్తుల్లో కనబడుతుంది. తువ్వాలు ముక్కుకు చుట్టుకోవడం మాస్కు కిందకు రాదని చెప్పు. బంగారం కరిగించే గదికి కొత్తవాళ్లను ఎవరూ పంపరు. తడి అచ్చులో కరిగిన లోహం పోస్తే ఎగిరి పేలుతుందన్నంత వరకు చెప్పి వదిలెయ్యి.

బంగారం తీశాక మిగిలిన బురద నీటిని నిలిపే వ్యర్థాల చెరువు దగ్గరకు మాత్రం అందరినీ తీసుకెళ్లు. మన వాళ్లకు నీళ్లు కనబడితే వల గుర్తొస్తుంది. 2000 జనవరి 30న రుమేనియాలో బాయా మారే దగ్గర ఇలాంటి చెరువు కట్ట తెగి, సుమారు లక్ష ఘనమీటర్ల సయనైడు నీరు నదుల్లో కలిసి, తిస్సా మీదుగా డాన్యూబు దాకా చేపలను చంపుకుంటూ పోయింది. ఆ తరువాతే సయనైడు వాడకానికి అంతర్జాతీయ నియమావళి తయారైంది. నాగావళి ఒడ్డున పుట్టినవాడికి ఒక నది చచ్చిపోవడం అంటే ఏమిటో వేరే వివరించనక్కరలేదు.

మూడో రోజు సాయంత్రం అర్థమైందా అని అడగకు. ఆ ప్రశ్నకు మన వైపు అవునండి అన్నది ఒక్కటే జవాబు. ఒక్కొక్కరినీ విడిగా ప్లాంటులోకి తీసుకెళ్లి, తాగే నీరు చూపించు, కళ్లు కడిగే చోటు చూపించు, గాలి ఎటు వీస్తోందో చెప్పు అని అడుగు. ఈ మూడూ తడుముకోకుండా చేసినవాడి చేతనే సంతకం పెట్టించు, మిగిలినవాడిని మందలించకుండా మరో రోజు ఉంచు. ఆ ఒక్క రోజు కూలి కూడా ఇప్పించేలా మేస్త్రితో ముందే మాట్లాడుకో, లేకపోతే తెలియని సంగతి తెలిసినట్టు నటించడం తప్ప వాడికి వేరే దారి ఉండదు.

మీ ప్లాంటులో కొత్తగా పెట్టబోయే తెలుగు బోర్డుల రాతప్రతి తయారవగానే నాకు ఫోటో తీసి పంపు. "జలపానము నిషిద్ధము" అని రాయించకు. "ఈ నీళ్లు విషం, తాగకండి, ముఖం కడగకండి" అని అరచేతంత అక్షరాలతో రాయించి, కింద చదువు రానివాడి కోసం పుర్రె బొమ్మ వేయించు. బోర్డును గోడకు కాదు, కుళాయికే కట్టించు.

ఇట్లు,
మీ మావయ్య.