లింకు నిండా శాతం గుర్తులుంటే భయపడాలా?

గాజువాక నుంచి ఒకరు అడిగారు: తెలుగు వికీపీడియాలో విశాఖపట్నం పేజీ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అన్నీ శాతం గుర్తులే వస్తున్నాయి, వైరస్ లింకా అని.

కాదండి. అడ్రస్ బార్‌లో చదువుకోవడానికి వీలుగా బ్రౌజర్ తెలుగు చూపిస్తుంది, కాపీ చేస్తే అసలు రూపం ఇస్తుంది. విశాఖపట్నం అన్న మాటలో గుణింతం, పొల్లు, సున్నా విడిగా లెక్కేస్తే 10 సంకేతాలు. యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా రాసుకునే పద్ధతి) ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటు రాయడానికి శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. వెరసి 90. తెలుగు లింకులు చాంతాడంత అయ్యేది అందుకే.

అసలు ప్రమాదం ఒకే లింకును రెండుచోట్ల రెండు రకాలుగా విప్పినప్పుడు, అంటే శాతం గుర్తుల్ని తిరిగి అక్షరాలుగా మార్చినప్పుడు, వస్తుంది. 2003 డిసెంబరులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బయటపడ్డ లోపమే చూడండి. లింకులో @ ముందున్నది యూజర్ పేరు కింద లెక్క, సైటు పేరు @ తర్వాత ఉంటుంది. బ్యాంకు పేరు రాసి, వెంటనే %01%00 పెట్టి, ఆపైన @, దాని వెనక దొంగ సైటు పేరు తగిలిస్తే చాలు. %01ని విప్పితే వచ్చేది కంటికి కనబడని కంట్రోల్ క్యారెక్టర్. అడ్రస్ బార్ అక్కడితో ఆగిపోయి బ్యాంకు పేరు ఒక్కటే చూపించేది. పేజీ మాత్రం @ తర్వాతి సైటు నుంచి వచ్చేది. 2004 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్‌తో, వెబ్ లింకుల్లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టే సౌకర్యమే ఆ బ్రౌజర్‌లో పోయింది.

ఇప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ @ ముందు భాగాన్ని అడ్రస్ బార్‌లో చూపించవు. కానీ ఎస్సెమ్మెస్‌లో ఆ రక్షణ లేదు. "ఈరోజు బిల్లు కట్టకపోతే కరెంటు కట్" అని మెసేజి వస్తే లింకు ఇలా చదవండి: మొదటి రెండు స్లాష్‌ల తర్వాత నుంచి, మళ్లీ వచ్చే స్లాష్, ప్రశ్నార్థకం, # లేదా బ్యాక్‌స్లాష్ దాకా ఉన్న ముక్క తీసుకోండి. అందులో @ ఉంటే చివరి @ తర్వాతిదే సైటు. ఆ పేరును కుడి చివర నుంచి చూడాలి. ఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) అన్న మాట ఎడమవైపు ఎక్కడో ఉన్నంత మాత్రాన లాభం లేదు. తాళం గుర్తు ఉంటే సేఫ్ అని ఇంకా చెబుతున్నారు, అది శుద్ధ తప్పు. మీకూ ఆ సైటుకీ మధ్య నడిచే డేటా ఎన్‌క్రిప్ట్ అయిందని మాత్రమే దానర్థం, ఆ సైటు దొంగదైనా సరే.

రుషికొండలో కోడ్ రాసే పిల్లలకి ఇంకో మాట. కోర్సుల్లో ఫ్రేమ్‌వర్కులు నెలల తరబడి నేర్పుతారు, లింకును ఎలా విడదీయాలో ఒక్క పూట చెప్పరు. ముందు ముక్కలు చేయాలి, తర్వాతే ఒక్కో ముక్కను విప్పాలి, అదీ ఒక్కసారే. లింకుల రూపం ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం, 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3986లో ఇది స్పష్టంగా ఉంది. %25ని విప్పితే % వస్తుంది. అంటే %2540 మొదటిసారి %40, రెండోసారి @. మీ ఫిల్టర్ ఒకసారి విప్పి చూసి వదిలేసి, లోపలి కోడ్ మళ్లీ విప్పితే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. 2001లో నిమ్డా వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ వెబ్ సర్వర్లలోకి దూరిన దారుల్లో ఈ రెండుసార్లు విప్పే లోపం కూడా ఒకటి.

రీడైరెక్ట్ లింకును (మీ సైటు నుంచి ఇంకో పేజీకి పంపేది) "మా సైటు పేరుతో మొదలైందా" అని స్ట్రింగ్‌లా సరిచూడకండి. బ్రౌజర్లు బ్యాక్‌స్లాష్‌ను స్లాష్‌గానే తీసుకుంటాయి, సర్వర్‌లో కొన్ని లైబ్రరీలు అలా తీసుకోవు. దొంగసైటు.కామ్\@మీసైటు.కామ్ అని పంపితే సర్వర్ మీ సైటే అనుకుంటుంది, బ్రౌజర్ దొంగసైటుకు పోతుంది. అందుకే బ్యాక్‌స్లాష్ గానీ కంట్రోల్ క్యారెక్టర్ గానీ కనబడితే లింకునే తిప్పికొట్టండి. మిగిలినవాటిని యూఆర్‌ఎల్ పార్సర్‌తో (లింకును ముక్కలు చేసే కోడ్) విడదీసి, హోస్ట్‌నేమ్ పూర్తిగా, అక్షరం తేడా లేకుండా కలిస్తేనే వదలండి. # తర్వాతి భాగాన్ని విప్పి పేజీలో చూపించాల్సి వస్తే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ (ఇచ్చినదాన్ని పేజీ కోడ్‌గా తీసుకునేది) జోలికి పోకుండా టెక్స్ట్‌కంటెంట్ (ఉత్త అక్షరాలుగానే చూపించేది) వాడండి. # తర్వాతిది సర్వర్‌కు అసలు చేరదు కాబట్టి, అక్కడ పెట్టిన ఏ ఫిల్టరూ దాన్ని పట్టుకోలేదు.