ఎలుగు పంజరంలో నుంచి తప్పించుకోలేదు

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో ఉంటాను. మా నాన్నగారు ఊళ్లో గొర్రెలు పెంచుతారు కనుక మీ శీర్షిక మా ఇంట్లో అందరం చదువుతాం. నా సందేహం మాత్రం మరుగుజ్జుల చేత కోట కట్టించి నడిపించే డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కంప్యూటర్ ఆట గురించి. కోట ముఖద్వారం దగ్గర పెట్టిన బోను ఉచ్చుల్లో ఒక గ్రిజ్లీ ఎలుగు, కోట మీదికి దాడికి వచ్చే గాబ్లిన్‌లు అనే శత్రువులు ఇద్దరు పడ్డారు. ఎలుగును గోడ కట్టిన పచ్చిక బయలుకు, గాబ్లిన్‌లను ఒక గోతికి కేటాయించాను. కాసేపటికే మూడూ తప్పించుకుని కోటలో పడ్డాయి. వంటవాడు చనిపోయాడు. చెక్క పంజరాలు తీసేసి ఇనుప పంజరాలు చేయించాలా?

జవాబు: ఈ శీర్షికకు ఇలాంటి ప్రశ్న రావడం ఇదే మొదటిసారి. అయినా పశువైద్యంలో పని చేసినవాడిగానూ, ఈ ఆటను తీరిక వేళల్లో ఆడేవాడిగానూ జవాబు చెప్పగలననే అనుకుంటున్నాను. ముందుగా మీ అనుమానాన్ని తీసివేస్తాను. పంజరాలలో లోపం లేదు, ఇనుము వృథా చేయవద్దు. 2006లో టార్న్, జాక్ ఆడమ్స్ సోదరులు విడుదల చేసి, 2022లో బొమ్మలతో కూడిన కొత్త రూపంలో, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌కు తెచ్చిన ఈ ఆటలో, మూసి ఉన్న పంజరం చెక్కదైనా సరే, ఎంత బలమైన జంతువునైనా లోపలే పట్టి ఉంచుతుంది. మూసిన పంజరంలో ఉన్న జీవి తనంతట తాను బయటికి రాదు. అది బయటికి వచ్చిందంటే మీ మరుగుజ్జులలో ఎవరో ఒకరు తలుపు తీశారన్నమాట. తీయమని చెప్పింది మీరే.

పచ్చిక బయలుకు జంతువును కేటాయించడమంటే, ఖాళీగా ఉన్న ఒక మరుగుజ్జు వెళ్లి పంజరం తెరిచి, దానిని చేత్తో నడిపించుకుంటూ అక్కడికి తీసుకువెళ్లడం. మచ్చికైన ఆవు అలా నడుస్తుంది, కానీ అడవి నుంచి నిన్ననే వచ్చిన ఎలుగు, పంజరం తెరుచుకున్న క్షణం నుంచే ఎవరి ఆధీనంలోనూ లేని జంతువు. పైగా ఈ ఆటలో పచ్చిక అవసరమయ్యేది గడ్డి మేసే పశువులకే. అవి మేత లేకపోతే చస్తాయి. ఎలుగు గడ్డి మేయదు, కనుక దానిని బయలుకు తోలడంలో లాభం ఏమీ లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

గాబ్లిన్‌ల విషయంలోనూ జరిగింది ఇదే. పంజరాల నిల్వ ఒకచోట, గొయ్యి ఇంకొకచోట ఉండి ఉంటాయి. మధ్యలో ఉన్న ఆ ఇరవై ముప్పై అడుగులే మీ వంటవాడి ప్రాణం తీశాయి. జియాగూడ మండిలో తెల్లవారుజామున లారీలోంచి గొర్రెలను దించడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. లారీలో ఉన్నంతసేపూ అవి ఎటూ పోవు, దొడ్డిలో చేరాక కూడా పోవు, లారీ పలకకూ దొడ్డి తడికకూ మధ్య సందు దొరికితే మాత్రం అక్కడి నుంచే చీలిపోతాయి. అడవి జంతువులతో మెలిగేవారు రవాణా పెట్టె నోటిని కొత్త ఆవరణ తలుపుకు ఆనించి, సందు లేకుండా చూసుకున్నాకే తలుపు పైకెత్తడం కూడా ఇందుకే. 1963లో ప్రారంభమైన మన నెహ్రూ జంతు ప్రదర్శనశాల వంటి చోట్ల పులిని తాడు పట్టుకుని ఎవరూ నడిపించుకు వెళ్లరు గదా.

ఆటలోనూ ఆ పద్ధతినే పాటించండి. గొయ్యి అంచునే ఆనుకుని పంజరాల నిల్వ స్థలం గీసుకుంటే, మరుగుజ్జు పంజరం తెరిచిన గడిలోంచే జీవిని గోతిలోకి తోసేస్తాడు, నడిపించే దారి అంటూ మిగలదు. ఎగిరే జీవులైతే గొయ్యి ఒక్కటే చాలదు, పైన మూత తలుపు బిగించాలి, లేకపోతే పడేసిన మరుక్షణమే పైకి లేస్తాయి. గోడలు గరుకుగా ఉంటే పాకి ఎక్కేవి కూడా ఉంటాయి కనుక, రాతి గోడలను నునుపు చేయించడం మంచిది. గోతిలోకి దిగే వాలు దారి ఏదైనా మిగిలిందేమో కూడా ఒకసారి చూడండి. నేను ఒకసారి దాన్ని పట్టించుకోక, గాబ్లిన్‌లను దించిన దారిలోనే తిరిగి పైకి రప్పించుకున్నాను.

దీనికంటే నాకు నచ్చిన పద్ధతి మరొకటి ఉంది. ఖైదీ ఉన్న పంజరాన్ని, తలుపు ఉన్న గదిలో సామానులా నిలబెట్టించి, బయట ఒక లివర్, అంటే లాగే మీట, కట్టించండి. లివర్‌కు మెకానిజం అనే యంత్ర భాగం ఒకటి, దానిని పంజరంతో కలపడానికి రెండు, మొత్తం మూడు కావాలి. అదే లివర్‌కు ఇంకో పంజరం కలిపితే మరో రెండు సరిపోతాయి. అందరూ బయటికి వచ్చి తలుపు మూసుకున్నాక లివర్ లాగితే పంజరం దానంతటదే తెరుచుకుంటుంది, జీవి దగ్గర ఎవరూ ఉండనక్కరలేదు. ట్రోల్ వంటి భారీ రాక్షసులు తలుపులను పగలగొడతాయి కనుక వాటిని మాత్రం మామూలు తలుపును నమ్మి వదలవద్దు.

గాబ్లిన్‌లను గోతిలో వేసేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఉచ్చులో పడినవాడి కత్తి, కవచం పంజరంలో కూడా వాడి దగ్గరే ఉంటాయి. పంజరం మీదా అందులోని వస్తువుల మీదా పారవేత గుర్తు పెట్టి, తర్వాత ఆ పంజరానికి మాత్రం గుర్తు తీసేస్తే, మరుగుజ్జులు లోపలి ఆయుధాలను ఒక్కొక్కటిగా తెచ్చి చెత్త స్థలంలో పడేస్తారు. పంజరానికి గుర్తు తీయడం మరిచిపోతే ఖైదీతో సహా పంజరాన్నే మోసుకుపోతారు, జాగ్రత్త.

ఎలుగును వదులుకోవడం మీకు ఇష్టం లేదని ప్రశ్నలోనే అర్థమవుతోంది. అలాగైతే దానిని పంజరంలోనే ఉంచి, శిక్షకుడిని నియమించి, పచ్చిక ఆలోచన తర్వాత చేయండి. ఒకసారి మచ్చిక అయిందని నిశ్చింతగా ఉండకూడదు. శిక్షణ ఆపితే అడవి జంతువు క్రమంగా వెనుకటి స్థితికి జారిపోతుంది, ఆనాడు అది మీ పిల్లల మధ్యలో ఉంటే ఈసారి వంటవాడితో సరిపోదు. శిక్షకుడిని ఆ పని నుంచి తీసి గని పనికి పంపే అలవాటు చాలామందికి ఉంది, మీకు ఉంటే మానుకోండి. మచ్చికైన తల్లికి కోటలోనే పుట్టిన పిల్లకు చిన్నప్పటి నుంచి శిక్షణ ఇస్తే ఫలితం నిలకడగా ఉంటుంది. మన గొర్రెల్లోనూ చిన్నప్పటి నుంచి చేతితో పాలు తాగి పెరిగిన పిల్లే మనిషిని చూసి బెదరదు.

ఇక ఇప్పుడు బయట తిరుగుతున్న మూడింటి సంగతి. అందరినీ లోపలి గదుల్లోకి రప్పించి, అక్కడికి వెళ్లే ఇరుకు దారిలో మూడు నాలుగు బోను ఉచ్చులు వరుసగా పెట్టించండి. మీ మరుగుజ్జులూ మచ్చికైన పశువులూ వాటి మీదుగా నడిచినా ఉచ్చు పడదు. ఎలుగు మళ్లీ దొరికితే ఆ పంజరాన్ని కదలనివ్వండి గానీ, తలుపు తీసే ఆజ్ఞ మాత్రం ఇవ్వకండి.