టెక్ సందేహాలు: ప్రింట్ తీసిన పూలు జిగురు తగలగానే ఎందుకు కారిపోతాయి?

ఈ మధ్య వస్తున్న ప్రశ్నల్లో కాగితం పనివాళ్లవి ఎక్కువయ్యాయి. పాతకాలపు డిజైన్ కాగితాలు, లేసు ముక్కలు, బొత్తాలు, ఎండిన పూలు, పాత ఉత్తరాలు కలిపి ఆల్బమ్‌లు, జర్నల్‌లు, గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లు రాస్తున్నారు. అందరి ఇబ్బందీ దాదాపు ఒకటే కాబట్టి ఈసారి మొత్తం వాళ్లకే కేటాయిస్తున్నాను.

పాతకాలపు గులాబీల డిజైన్లు డౌన్‌లోడ్ చేసి మా ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో ప్రింట్ తీసుకుంటున్నాను. అట్ట మీద అతికించి, పైన నీళ్లు కలిపిన ఫెవికాల్ పూయగానే రంగులన్నీ కారిపోతున్నాయి. నల్ల అక్షరాలు మాత్రం చెక్కుచెదరడం లేదు. ప్రింటర్ పాడైందా? – ఒక గృహిణి, రాజమహేంద్రవరం

ప్రింటర్ బాగానే ఉందండీ. నల్ల అక్షరాలు నిలబడుతున్నాయని మీరు రాసిన మాటలోనే జవాబు ఉంది. చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు, మిగతా మూడు రంగులు డై ఇంకు. డై అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. అది కాగితం పోగుల్లోకి ఇంకుతుంది, మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ కరగదు. సన్నని పొడి రేణువులుగా కాగితం పైనే పట్టుకుని ఉంటుంది. ఫెవికాల్‌లోనే చాలా నీరు ఉంటుంది, దానికి మీరు మరిన్ని నీళ్లు కలిపారు. గులాబీలను మీ చేత్తోనే కడిగేసినట్టయింది.

అన్నిటికన్నా సులువైన దారి, ఆ పేజీలను జెరాక్స్ షాపులో కలర్ లేజర్ ప్రింట్ తీయించుకోవడం. లేజర్‌లో వాడే టోనర్ ప్లాస్టిక్ పొడి లాంటిది. వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది కాబట్టి దాని మీద ఎంత జిగురు పూసినా కదలదు. ఇంట్లోనే తీయాలనుకుంటే ప్రింట్‌ను ఒక రోజంతా ఆరనిచ్చి, గాలి ఆడేచోట పారదర్శకమైన యాక్రిలిక్ వార్నిష్ స్ప్రే పల్చగా రెండుసార్లు కొట్టండి. వెనకవైపు తడి జిగురు వద్దు, గ్లూ స్టిక్ చాలు.

టీ డికాషన్‌లో ముంచి కాగితానికి పాత రంగు తెచ్చేవాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తున్నారు. ప్రింట్ తీశాక ముంచుతున్నారు. ముందు ముంచండి, పూర్తిగా ఆరనివ్వండి, ఇస్త్రీ చేసి సాపు చేయండి. ప్రింటర్‌లో పెట్టడం ఆ తర్వాతే. కొంచెం చెమ్మ ఉన్నా, అంచు మడతపడినా కాగితం లోపల ఇరుక్కుంటుంది. పూరేకులు కలిపిన చేతి కాగితాన్ని ప్రింటర్‌లో పెట్టకండి. ఆ పీచు రోలర్లకు చుట్టుకుంటే రిపేరు ఖర్చు తప్పదు. లేజర్ ప్రింటర్‌లోనైతే మెరుపు కాగితం, లేసు అతికించిన కాగితం అసలు పెట్టకూడదు. లోపలి రోలర్ దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది.

నాకు కోపం తెప్పించే విషయం ఇక్కడొకటి ఉంది. ఎన్ని వేల పేజీలు వస్తాయో పెట్టె మీద అరచేయంత అక్షరాల్లో వేస్తారు. ఏ రంగు డై, ఏ రంగు పిగ్మెంట్ అన్నది మాత్రం చాలా పెట్టెల మీద కనిపించదు. కొనేవాళ్లకు నిజంగా పనికొచ్చే సమాచారం ఆ ఒక్క ముక్కే.

గ్రూపులో ఎవరో 'వెయ్యి వింటేజ్ పేపర్లు ఉచితం' అని లింకు పెట్టారు. జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్ అదే పేజీలో ఇచ్చారు. లోపల ఒక బొమ్మ మీద నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. రెండు రోజులకు నేను కార్డులు అమ్ముకునే ఇన్‌స్టాగ్రామ్ పేజీ నా చేతిలోంచి పోయింది. నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఎలా జరిగింది? – చేతి కార్డులు చేసే ఒకరు, కరీంనగర్

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను. కాగితం పనివాళ్ల విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే.

మీరు నొక్కింది బొమ్మ కాదు, ప్రోగ్రామ్. ఫైలు పేరు చివరి భాగాన్ని చూపించకుండా దాచే అలవాటు మన విండోస్ కంప్యూటర్లకు దశాబ్దాలుగా ఉంది. జేపీజీ అంటే బొమ్మ, ఈఎక్స్ఈ అంటే ప్రోగ్రామ్. 'రోజెస్ డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్ఈ' అన్న ఫైలు తెర మీద 'రోజెస్ డాట్ జేపీజీ' అనే కనిపిస్తుంది. దానికి బొమ్మ గుర్తు కూడా తగిలిస్తే అనుమానం ఎవరికొస్తుంది? ఇది మీ అజాగ్రత్త అనను. ఇన్నేళ్లుగా ఎన్ని ఇళ్లలో ఇదే జరిగినా ఈ దాపరికాన్ని మార్చకపోవడం తయారుచేసినవాళ్ల తప్పు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, 'వ్యూ' మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర ఈరోజే టిక్ పెట్టండి.

ఇక ఆ పాస్‌వర్డ్ సంగతి. పూల బొమ్మలకు తాళం ఎందుకు? అందులోనూ తాళంచెవి అదే పేజీలో అందరికీ ఇస్తున్నప్పుడు? తాళం వేసిన జిప్ లోపలికి యాంటీవైరస్ తొంగి చూడలేదు. ఆ తాళం దాన్ని ఏమార్చడానికే. ఉచితమంటూ వచ్చే జిప్‌కు పాస్‌వర్డ్ ఉంటే, ఎవరు పంపినా సరే, తెరవకండి. వేలు ఖరీదు చేసే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను క్రాక్ చేసి ఇస్తామనే సైట్లకూ ఇదే మాట.

ఓటీపీ చెప్పకుండా ఎలా పోయిందంటే, మీరు ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఆ గుర్తింపును చిన్న ఫైలుగా దాచుకుంటుంది. రోజూ పాస్‌వర్డ్ అడగకుండా ఉండడానికి అదే కారణం. ఇలాంటి ప్రోగ్రామ్‌లు ఎత్తుకుపోయేది ఆ గుర్తింపునే. అది వాళ్ల చేతికి చిక్కితే, ఇప్పటికే లాగిన్ అయి ఉన్న మీరేనని అవతలి సర్వర్ నమ్ముతుంది. ఓటీపీ అడిగే పనే ఉండదు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా వాటితోపాటే పోతాయి.

ఆ కంప్యూటర్ నుంచి ఏ పాస్‌వర్డూ మార్చకండి. కొత్తది కూడా వాళ్లకు చేరుతుంది. ఫోన్ నుంచి ముందు మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల్లోంచి లాగవుట్ చేయండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. పేజీ కోసం ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అనే చిరునామాలో ఉన్న దారిలో వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. కంప్యూటర్‌లోని ఫొటోలు, పత్రాలు మాత్రం కాపీ చేసుకుని, మిగతాదంతా తుడిచి విండోస్ మళ్లీ వేయించండి. పేజీ తిరిగి వచ్చేదాకా కొనేవాళ్లకు వాట్సాప్‌లో సంగతి చెప్పండి. మీ పేరు మీద డబ్బులు అడిగే ప్రమాదం ఉంది.

ఉచితంగా మంచి కాగితాలు దొరకాలంటే ఇలాంటి లింకులు అక్కర్లేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలు 2020 నుంచి తమ దగ్గరున్న కాపీరైట్ లేని కళాఖండాల బొమ్మలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేశాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అంతకన్నా ముందే ఇచ్చింది. లాగిన్ లేదు, జిప్ లేదు, తాళం లేదు. మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్‌లో 'మార్బుల్డ్ పేపర్, దక్కన్' అని వెతకండి. నీళ్ల మీద రంగులు తేలించి కాగితానికి పట్టించే అబ్రీ పనితో 17వ శతాబ్దంలో మన పొరుగున బీజాపూర్‌లో గీసిన చిత్రాలు కనిపిస్తాయి. ఎవరో అమ్మే 'యూరోపియన్ వింటేజ్' కాగితాలకు అవి ఏ విధంగానూ తీసిపోవు. రాజా రవివర్మ 1906లో పోయారు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లే కాపీరైట్ కాబట్టి, ఆయన చిత్రాలూ నిశ్చింతగా వాడుకోవచ్చు.

12 అంగుళాల చదరపు డిజైన్ ప్రింట్‌కు ఇస్తే చిన్నదిగా, మసకగా వస్తోంది. – ఒక విద్యార్థిని, తిరుపతి

రెండు కారణాలు. ఏ4 వెడల్పు 8.27 అంగుళాలు, ఏ3 కూడా 11.69 అంగుళాలే. మీ డిజైన్ రెండింటిలోనూ పట్టదు కాబట్టి 'ఫిట్ టు పేజ్' దాన్ని కుదించేస్తుంది. డిజిటల్ ప్రింట్ షాపులో 12×18 షీటు అడగండి, సైజు 100 శాతం పెట్టమనండి. ఇక మసక. ఆ సైజుకు 3600×3600 పిక్సెళ్లు కావాలి. షాపువాళ్లకు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది నొక్కేసి చిన్నది చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. షాపు కంప్యూటర్‌లో మీ వాట్సాప్ తెరిచి ఉంటే, బయటికి వచ్చేముందు ఫోన్‌లోని 'లింక్డ్ డివైసెస్'లో లాగవుట్ చేయండి.

కటింగ్ మెషిన్ కొందామనుకుంటున్నాను. ఏం చూసి కొనాలి? – ఒక టీచర్, హనుమకొండ

ఇంటర్నెట్ తీసేసి నడుస్తుందో లేదో చూసి కొనండి. షాపులోనే మీ ముందు వైఫై ఆపించి, ఒక పువ్వు కోయించండి.

ఎందుకంటే, కంప్యూటర్‌లోని డిజైన్ ప్రకారం కాగితం కోసే ఈ మెషిన్లలో కొన్ని, లాగిన్ అయితే తప్ప కాగితం కోయవు. డిజైన్ ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్లాలి. 2021లో ఒక పెద్ద కంపెనీ, చందా కట్టనివాళ్లు నెలకు 20 సొంత డిజైన్లకు మించి ఎక్కించకూడదని ప్రకటించింది. కొన్నవాళ్లంతా గొడవ చేస్తే వెనక్కి తగ్గింది. తగ్గింది సరే, రేపు మళ్లీ పెట్టదని హామీ ఏముంది? వేలు పోసి కొన్న కత్తి మన బల్ల మీదే ఉంటుంది, దాన్ని తిప్పే చెయ్యి మాత్రం వేరే దేశంలో ఉంటుంది. ప్రింటర్ల దగ్గరా ఇదే జబ్బు. నిన్నటిదాకా బాగా పనిచేసిన బయటి కంపెనీ ఇంకు కార్ట్రిడ్జ్‌ను, రాత్రికి రాత్రి వచ్చిన అప్‌డేట్ ఒప్పుకోదు. భద్రత కోసం అంటారు. భద్రత కోసం వచ్చే అప్‌డేట్లను వెంటనే వేసుకోండని ప్రతివారం చెప్పే నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది. ఇలా రెండింటినీ కలిపేస్తే, జనం నిజమైన భద్రతా అప్‌డేట్లను కూడా ఆపేసుకుంటారు. ఆపేసుకుంటున్నారు కూడా. నష్టపోయేది వాళ్లే.

మీ మెషిన్ విషయానికొస్తే, ఎస్‌వీజీ ఫైళ్లను (డిజైన్‌ను గీతలుగా దాచుకునే ఫైళ్లు) నేరుగా తీసుకుంటుందో లేదో కూడా అడగండి. తీసుకుంటే ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ డిజైన్లు మీరే గీసుకోవచ్చు. పాతకాలపు కాగితాలతో పొరలు పొరలుగా అతికించే పనే మీదైతే మాత్రం తొందరపడకండి. ఆ పనికి అందం చేత్తో చింపిన అంచుల్లోనే ఉంటుంది. మంచి కత్తెర, స్కేలు, పేపర్ కట్టర్‌తో ఒక ఆరు నెలలు చేసి చూడండి.

మా తాతగారు 1950లలో రాసిన ఉత్తరాలు జర్నల్‌లో అతికించాలని ఉంది. స్కాన్ చేయడానికి ఏ యాప్ మంచిది? – ఒక పాఠకుడు, డల్లాస్

అసలు ఉత్తరాలు అతికించకండి. జిగురు పడ్డ కాగితం మళ్లీ మామూలుగా కాదు. కాపీ అతికించండి. స్కానర్ ఉంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), కలర్‌లో చేయండి. బ్లాక్ అండ్ వైట్ పెడితే మరకలు, వెలిసిన సిరా, కాగితం రంగు అన్నీ పోతాయి. మీకు కావలసిన పాతదనం వాటిలోనే ఉంది. మడతల దగ్గర మసకగా వస్తే, ఆల్-ఇన్-వన్ ప్రింటర్లలోని స్కానర్ అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూడగలదని గుర్తుంచుకుని, మూత మీద బరువైన పుస్తకం పెట్టండి. ఫోన్‌తోనే చేయాలంటే కొత్త యాప్ వద్దు. ఐఫోన్ నోట్స్‌లో, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్‌లో స్కానింగ్ ఉంది. తయారైన పేజీని నెట్‌లో పెట్టేముందు సంతకాలు, సర్వే నంబర్లు, ఇంటి చిరునామాలు కనిపించకుండా వాటి మీద ఒక పువ్వో లేసు ముక్కో అడ్డం పెట్టండి. పాత ఉత్తరమే కదా అనుకుంటాం కానీ, ఆ పొలం ఇప్పటికీ మీ కుటుంబం పేరు మీదే ఉండవచ్చు.

అమ్మానాన్నల 50వ పెళ్లిరోజుకు ఆల్బమ్ చేశాను. చివరి పేజీలో నాన్న గొంతు వినిపించేలా క్యూఆర్ కోడ్ అతికించాను. ఇప్పుడు స్కాన్ చేస్తే ఏదో బెట్టింగ్ ప్రకటన వస్తోంది. – ఒక కూతురు, విశాఖపట్నం

మీరు వాడిన ఉచిత సైట్ మీ లింకును కోడ్‌లో పెట్టలేదు. తన లింకు పెట్టి, అక్కడి నుంచి మీ రికార్డింగ్‌కు దారి మళ్లించింది. ఇలాంటి వాటిని డైనమిక్ కోడ్‌లంటారు. ఆ సైట్ మూతపడినా, చేతులు మారినా మీ కోడ్ ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు పంపుకోవచ్చు. ఇది ప్రకటనతో ఆగింది. రేపు బ్యాంకు లాగిన్ లాంటి దొంగ పేజీ రావచ్చు. ఆ ఆల్బమ్ తెరిచేది పెద్దవాళ్లు, కూతురు పెట్టిన కోడ్ అని నమ్ముతారు. అందుకే ఇంట్లో వాళ్లకు ఈరోజే ఫోన్ చేసి, ఆ కోడ్ స్కాన్ చేయొద్దని చెప్పండి. ఆల్బమ్ మీ చేతికి వచ్చాక దాని మీద కాగితం అతికించి మూసేయండి.

కొత్తది చేసేటప్పుడు రికార్డింగ్‌ను మీ సొంత డ్రైవ్‌లో పెట్టి, ఆ లింకుతో స్టాటిక్ కోడ్ తీయండి. క్రోమ్ బ్రౌజర్‌లోనే ఆ సదుపాయం ఉంది, సైట్ అక్కర్లేదు. ప్రింట్ తీసేముందు ఫోన్‌తో చూసి, కనిపించే చిరునామా మీ డ్రైవ్‌దేనని నిర్ధారించుకోండి. ఈసారి కోడ్‌ను పేజీకి అతికించకుండా, పాత శుభలేఖ కవరుతో చిన్న జేబులా చేసి, రిబ్బన్ కట్టిన కార్డుగా అందులో పెట్టండి. రేపు మార్చాల్సి వస్తే పేజీ చిరగదు. ఆ జేబులోనే రికార్డింగ్ ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ కూడా వేయండి. వీటన్నిటికన్నా ముందు, నాన్నగారి గొంతు ఉన్న అసలు ఫైలు ఏ ఫోన్‌లో ఉందో వెతికి, రెండు వేర్వేరు చోట్ల కాపీ చేశాకే కత్తెర పట్టుకోండి.