మిల్లు దుమ్ములో పొద్దస్తమానం పెట్టుకోగల మన దేశపు మాస్కు ఏదండీ?

మీరు అడిగింది ఇది: మండపేట వైపు బాయిల్డ్ రైసు మిల్లులో ధాన్యం దింపే దగ్గర పని. మెడికల్ షాపులో కొన్న ఎన్95 పెడితే గంటకే ఊపిరాడటం లేదు, చెవులు పీకుతున్నాయి, చెమటకి తడిసి పెదాలకు అంటుకుంటోంది. మన దగ్గర తయారైనదే, కాస్త మెత్తగా ఉండేది చెప్పమన్నారు.

మెత్తదనం సంగతి వదిలేయండి. చేతికి పట్టులా తగిలే మాస్కే మొహం మీద ముందుగా నీరుగారిపోతుంది. సుఖాన్ని తేల్చేవి రెండు. బిగువు చెవుల మీద పడుతోందా, తల మీదా? మాస్కు నోటికి ఎడంగా నిలుస్తోందా, అతుక్కుంటోందా? మెడికల్ షాపు సరుకు సాధారణంగా ఈ రెండింటిలోనూ తప్పుతుంది. అది బస్సు ప్రయాణానికీ ఆసుపత్రి వరండాకీ చాలుతుంది గానీ ఎనిమిది గంటల షిఫ్టుకి చాలదు.

మీకు కావలసింది తల వెనక్కి రెండు పట్టీలు వచ్చే, గిన్నె ఆకారంలో బిరుసుగా నిలబడే, వాల్వు (వదిలిన ఊపిరిని బయటికి పంపే మూత) ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 తరగతి దుమ్ము మాస్కు. రాజమండ్రిలోనో కాకినాడలోనో హెల్మెట్లు, గ్లౌజులు, గమ్‌బూట్లు అమ్మే సేఫ్టీ సామాన్ల షాపులో అడగండి. వీనస్, మ్యాగ్నం, మాల్‌కామ్ ఈ రంగంలో పాతబడిన మన దేశపు కంపెనీలే. ఏ పేరైనా సరే, ఒకేసారి పెట్టె కొనేయకండి. మొహం ఆకారం అందరికీ ఒకటి కాదు. ఒక్కొక్కటి తెచ్చి, ఒక్కో పూట పెట్టి చూసి, అప్పుడు పెట్టె తీసుకోండి.

చెవులకు తగిలించేది ఎందుకు వద్దో హాపర్ (ధాన్యం కుమ్మరించే గరాటు లాంటి తొట్టి) దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. బస్తా మూతి కుట్టు లాగడానికి వంగుతారు. గడ్డం రొమ్ముకి ఆనుతుంది, మాస్కు కింది అంచు పైకి జరుగుతుంది. కుమ్మరించి లేచేసరికి అంచు అలా పైకి జరిగే ఉండిపోతుంది, గడ్డం కింద వేలు దూరేంత సందు. ఇంతలో పక్క మనిషిని కేకేస్తే దవడ కదిలి మాస్కు ముక్కు మీంచి జారుతుంది. దాన్ని నూగు అంటిన చేత్తోనే పైకి తోస్తారు. ఇక ధాన్యం ధారగా పడుతుంటే లేచే దుమ్ములో కంటికి ఆనే ఊక తునకలు అంత ప్రమాదం కాదు, అవి ముక్కులోనే ఆగిపోతాయి. రేకుల సందులోంచి ఎండపొడ పడినప్పుడు పొగలా కదులుతూ కనిపిస్తుందే, ఊపిరితిత్తుల అడుక్కి పోయేది అది.

టీకి ఆగినప్పుడు మాస్కు తీసి అద్దం చూసుకోండి. ముక్కుకి అటూ ఇటూ బూడిదరంగు చార ఉంటే సందు పైన ఉన్నట్టు. దవడ దగ్గర ఉంటే కింద. మాస్కు లోపలి అంచు మీద కూడా అదే చార దొరుకుతుంది. గాలి సులువైన దారినే లోపలికి వస్తుంది. సందు దొరికితే వడపోత పొర గుండా రావాల్సిన అవసరం దానికేముంది? ‘ఇందులో ఊపిరి భలే ఆడుతోంది’ అని మురిసిపోయే మాస్కు చాలాసార్లు సందులోంచి ఆడుతున్నదే.

ఇక గుర్తుల గొడవ. ఎన్95 అనేది పనిచోట భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఇచ్చే ధ్రువీకరణ. అది నిజమైతే మాస్కు మీద టీసీ-84ఏ అని మొదలయ్యే నంబరు ఉండాలి. కేఎన్95 చైనా ప్రమాణం. మన దేశపు ప్రమాణం ఐఎస్ 9473. అందులో మూడు తరగతులు: నిమిషానికి 95 లీటర్ల గాలి లాగి పరీక్షిస్తే ఎఫ్ఎఫ్‌పీ1 కనీసం 80 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 కనీసం 94 శాతం, ఎఫ్ఎఫ్‌పీ3 కనీసం 99 శాతం కణాల్ని ఆపాలి. ఐఎస్ఐ ముద్ర పైన ఐఎస్ 9473 అనీ, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉంటాయి. ఆ నంబరును ఫోనులో బీఐఎస్ (ఐఎస్ఐ ముద్ర ఇచ్చే మన ప్రమాణాల సంస్థ) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, చిరునామా ఏదో, అది ఇంకా నడుస్తోందో లేదో చూపిస్తుంది. ఐఎస్ఐ లైసెన్సు విదేశీ ఫ్యాక్టరీలకూ ఇస్తారు కాబట్టి మీకు మన దేశంలో చేసిందే కావాలంటే ముద్రతో ఆగకుండా ఆ చిరునామా చదవండి. పెట్టె మీద జెండా బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు.

‘ఐదు లేయర్లు’ అని అమ్మేవాళ్ల మీద నాకు చెప్పలేనంత చిరాకు. పొరల లెక్కతో పని లేదు, నడిమి పొర ఏమిటన్నదే ప్రశ్న. వాడేసిన మాస్కొకటి అంచు కత్తిరించి పొరలు విడదీయండి. బయటిదీ లోపలిదీ స్పన్‌బాండ్ అనే ప్లాస్టిక్ పీచు బట్ట. వెలుగుకి ఎత్తి చూస్తే వరసగా చిన్న చుక్కల అచ్చు కనిపిస్తుంది, లాగితే సాగుతుంది, చిరిగిన చోట పీచులు తేలతాయి. నడుమ ఉండాల్సింది మెల్ట్‌బ్లోన్ అనే, అంతకంటే సన్న పీచు పొర. దానికి ఆ చుక్కలుండవు, తెల్లగా నున్నగా ఉంటుంది, గిల్లితే ఊడొస్తుంది. కొత్త మాస్కులోంచి తీసి సన్నగా చించిన కాగితం ముక్కల మీద పెడితే అవి అంటుకుని లేస్తాయి, దానికి స్థిర విద్యుత్తు ఎక్కించి ఉంటారు గనక. సన్న దుమ్మును లాగి పట్టేది ఆ విద్యుత్తే. దాని మూలంగానే పొర మరీ దట్టంగా లేకపోయినా వడపోస్తుంది, ఊపిరీ ఆడుతుంది. చుక్కల బట్టే ఐదు మడతలు వేసి కుడితే ఊపిరి బిగుస్తుంది, సన్న దుమ్ము మాత్రం ఆగదు. నీళ్లు పోసి చూపించే వీడియోలు నమ్మకండి. స్పన్‌బాండ్, మెల్ట్‌బ్లోన్ రెండూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే, రెండూ నీటిని నిలబెడతాయి, ఆ పరీక్షతో తేలేదేమీ లేదు.

ఈ విద్యుత్తుకి శత్రువులు సబ్బు, స్పిరిట్టు. ఉతికినా, శానిటైజర్ కొట్టినా మాస్కు చూపుకి కొత్తగానే ఉంటుంది, లోపల పని అయిపోతుంది. కంప్రెసర్ గాలితో దులిపితే నడిమి పొర చిరగొచ్చు.

పెట్టుకునే తీరులో కూడా తప్పులు జరుగుతాయి. మాస్కును గడ్డం కింద ఆనించి ముక్కు మీదికి తెండి. పై పట్టీ నడినెత్తికి వెనకగా, కింది పట్టీ చెవుల కింద నుంచి మెడ మీదికి. రెండూ మెడ మీదే వేసుకుంటే పైన సందు ఖాయం. జడ ఉన్న ఆడవాళ్లు కింది పట్టీని జడ కిందుగా పోనివ్వాలి. జడ మీంచి వేస్తే తల తిప్పినప్పుడల్లా జరుగుతుంది. కొప్పయితే పై పట్టీ కొప్పుకి పైన. ముక్కు మీది రేకును ఒక చేత్తో నొక్కితే మధ్యలో గూడులా లేచి సందు చేస్తుంది, రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి బుగ్గల వైపు రాస్తూ వంచండి. తువ్వాలు తలపాగా పట్టీల మీంచి చుట్టుకుంటే ఫరవాలేదు, జారకుండా పట్టి ఉంచుతుంది కూడా. మాస్కు అంచు కింద తువ్వాలు గానీ గడ్డం గానీ ఉంటే మాత్రం ఎఫ్ఎఫ్‌పీ3 అయినా వృథా. మీసం అంచు లోపల ఉంటే ఇబ్బంది లేదు. చివరికి వాల్వును చేత్తో మూసి గట్టిగా ఊదండి. కళ్లకి గాలి తగిలితే రేకు సరిచేయండి, చెంపలకి తగిలితే పట్టీలు వెనక్కి లాగండి.

వాల్వు ఎందుకన్నానంటే దాళ్వా (రబీ) ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్క అలాంటిది. వదిలిన ఊపిరిలోని వేడి, తేమ వాల్వు గుండా బయటికి పోతే లోపల చెమట నిలవదు. అయితే వదిలే గాలిని వాల్వు వడపోయదు. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ వాల్వు మాస్కులు వద్దని రాష్ట్రాలకు రాసింది అందుకే. జలుబు, దగ్గు ఉన్నప్పుడూ, ఆసుపత్రికి వెళ్లినప్పుడూ వాల్వు లేనిది వాడండి. మిల్లు దుమ్ముకి ఆ అభ్యంతరం లేదు.

ఉక్క రోజుల్లో షిఫ్టుకి రెండు ఉంచుకోండి. తడిసినదాన్ని నీడలో తాడుకి వేలాడదీసి, ఆరాక కాగితం సంచిలో పెట్టండి. పాలిథిన్ కవర్లో పెడితే తేమ బయటికి పోక ముక్కవాసన వస్తుంది. ఊపిరి లాగడం బరువైనా, పట్టీ సాగిపోయినా, అంచు నలిగినా పారేయాలి. దానికి రోజుల లెక్క లేదు, సార్వా (ఖరీఫ్) ధాన్యం ఎక్కువగా దిగే వారంలో ఒక్క షిఫ్టుకే బిగుసుకుపోవచ్చు.

చెవుల మాస్కులే మిగిలి ఉంటే ఒక ఉపాయం. నరసాపురం వైపు కుట్టే క్రోషే లేసులాగే, దళసరి నూలుతో ఐదారంగుళాల పట్టీ అల్లించి రెండు చివరలా చొక్కా గుండీలు కుట్టించండి. పట్టీని తల వెనక పెట్టి, చెవుల లూపుల్ని గుండీలకి తగిలిస్తే బరువు చెవుల మీంచి తప్పుతుంది, బిగువూ పెరుగుతుంది.

బాయిలర్ దగ్గర ఊక బూడిద ఎత్తేవాళ్లకి ఎఫ్ఎఫ్‌పీ3 ఇప్పించండి. ఊక బూడిదలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే సిలికాయే. రొయ్యల చెరువులో బ్లీచింగ్ పౌడర్ చల్లే బంధువులకి మీ మాస్కు అరువివ్వకండి. క్లోరిన్ వాయువు, కణం కాదు. దానికి ఏ ఎఫ్ఎఫ్‌పీ మాస్కూ అడ్డు కాదు, బూడిదరంగు పట్టీ ఉన్న బీ రకం కార్ట్రిడ్జి (వాయువును పట్టే డబ్బీ) పెట్టే రబ్బరు హాఫ్ మాస్కు కావాలి. నల్లబొగ్గు పొర ఉందని అమ్మే గుడ్డ మాస్కులు వాసన కాస్త తగ్గిస్తాయంతే.

మీరు అడగలేదు గానీ, ఇదంతా మీ జేబులోంచి ఎందుకు పోవాలి? దుమ్ము లేచే చోటే దాన్ని లాగేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను యాజమాన్యానికే చెప్పింది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. హాపర్ నోటి మీద హుడ్డు పెట్టి, సైక్లోనుకో (గాలిని గిరగిరా తిప్పి దుమ్మును వేరుచేసే గొట్టం) బ్యాగు ఫిల్టరుకో (గుడ్డ సంచులతో దుమ్ము వడపోసేది) కలిపితే మాస్కు మీద పడే దుమ్ము భారం బాగా తగ్గుతుంది. మిల్లులో ఇప్పటికే డస్ట్ కలెక్టర్ ఉంటే దాని గుడ్డ సంచులు దులిపి ఎన్నాళ్లయిందో, కుట్టు విడిన చోటు ఏమైనా ఉందో ముందు చూడమనండి.